ఏకాంతం ఖాళీ చోట దొరకదు

ఈ తరంలో చాలామందికి ఒంటరి ప్రయాణం ఒక దీక్ష అయింది. ఎవరినీ వెంటబెట్టుకోకుండా, సముద్రం పక్కనుంచీ అడవి మధ్యనుంచీ కారు నడుపుకుంటూ కొన్నాళ్ళు తిరిగొస్తే మనసు తేటపడుతుందనీ, తానెవరో తనకు తెలిసివస్తుందనీ వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతారు. గుడి గడప తొక్కనివాళ్ళు కూడా ఆ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు భక్తుల మాటలే మాట్లాడతారు: శాంతి, మౌనం, శుద్ధి. అందుకే దీన్ని వట్టి షికారుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. మతాలు వేల ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే ఇందులోనూ ఉంది. మనుషులు లేని చోటికి వెళ్తే ఏకాంతం దొరుకుతుందా? దొరకదన్నది నా వాదం. ఎదురుగా ఉన్నదంతా నాకోసమే ఉందన్న భావం సడలినప్పుడు ఏకాంతం మొదలవుతుంది. చుట్టూ ఎవరున్నారు, ఎవరు లేరన్నదానితో దానికి పెద్ద పని లేదు. ఆ భావాన్ని వెంటబెట్టుకుని ఎంత దూరం పోయినా మనిషి ఒంటరివాడు అవుతాడేగాని ఏకాంతంలోకి వెళ్ళడు. పైగా ఖాళీగా లేని చోటును ఖాళీ అనుకోవడంలో ఒక అన్యాయం కూడా దాగి ఉంది. ఒంటరిగా వెళ్ళినవాడు అతిథిగా మారగలిగితేనే ఆ ప్రయాణం సాధన అవుతుంది.

ఈ మాట నిలుస్తుందో లేదో చూడడానికి ఒక నిజమైన దారిని తీసుకుందాం. ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, కెయిర్న్స్ నగరం నుంచి ఉత్తరాన కుక్‌టౌన్ దాకా తీరం పట్టుకుని వెళ్ళే దారి సుమారు 250 కిలోమీటర్లు. మొదట కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా సాగే కెప్టెన్ కుక్ హైవే, తర్వాత మాస్మన్ చుట్టూ చెరకు తోటలు, ఆ పైన డెయిన్‌ట్రీ నది, నది దాటితే వర్షారణ్యం. అక్కడ చెట్లు చెలియలికట్ట దాకా దిగివస్తాయి. వాటికి ఎదురుగా నీళ్ళలో గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బలు. ఆ రీఫ్ 1981లోనూ, ఈ తడి అడవులు 1988లోనూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. ఆ రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడం ఈ తీరం విశేషం. ఇక్కడి కొన్ని మొక్కల వంశం, భారతదేశమూ ఆస్ట్రేలియా ఒకే నేలగా కలిసి ఉన్న గోండ్వానా కాలం దాకా వెనక్కి పోతుంది. కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. ఆ తర్వాత బ్లూమ్‌ఫీల్డ్ ట్రాక్ అనే మట్టిబాట. నిటారుగా ఉండే ఎక్కుళ్ళు, దాటవలసిన వాగులు, ఫోన్ సిగ్నల్ అందని మైళ్ళు. ఏకాంతం కోరి బయల్దేరేవాడికి ఇంతకు మించిన దారి దొరకడం కష్టం. అందుకే నా వాదానికి అసలైన పరీక్ష కూడా ఇక్కడే.

ముందు ఆ ప్రయాణికుడి ఒంటరితనం ఎంతవరకు నిజమో చూద్దాం. అతను నడుపుతున్న తీరపు రోడ్డు 1933లో తెరుచుకుంది. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజుల్లో, పని దొరకని కూలీలు గునపాలూ పారలూ పట్టి కొండను తొలిస్తే ఏర్పడిన దారి అది. డెయిన్‌ట్రీ నది మీద వంతెన లేదు. ఇనుప తాడు పట్టుకుని నడిచే పంటు మీద కారును అవతలికి దాటిస్తారు. గోదావరి లంకల వాళ్ళకు పంటు అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. దాని వేళ దాటితే మన తొందరతో దానికి పని లేదు. ఆ సముద్రంలో నవంబరు నుంచి మే దాకా ప్రాణం తీయగల బాక్స్ జెల్లీ చేపలు తిరుగుతాయి. అందుకని బీచ్‌ల దగ్గర స్తంభాలకు వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు. కుట్టినచోట వెనిగర్ పోస్తే, ఒంటికి అంటుకున్న పోగుల్లో ఇంకా పేలని విషకణాలు పేలకుండా ఆగుతాయి. ఆ సీసా నింపినవాళ్ళ పేరు ఈ ప్రయాణికుడికి తెలియదు. తన ప్రాణం మాత్రం వాళ్ళ చేతిలో ఉంది. మొసళ్ళున్నాయి జాగ్రత్త అని ఏటి ఒడ్డున బోర్డు నాటినవాళ్ళూ అంతే. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను తర్వాత కురిసిన వానలకు ఈ దారి పొడుగునా కొండచరియలు విరిగిపడ్డాయి, ఊళ్ళు తెగిపోయాయి. మళ్ళీ అక్కడ బండి కదలడానికి నెలల తరబడి ఎందరో పనిచేయవలసి వచ్చింది. ఒంటరి ప్రయాణం అని మనం అంటున్నది నిజానికి కంటికి కనపడని మనుషుల చేతుల మీదుగా సాగే ప్రయాణం.

అడవి కూడా అంతే. అక్కడ ఏదీ తనంత తాను నిలబడదు. కాసోవరి అనే పక్షి మనిషంత ఎత్తు ఉంటుంది, ఎగరలేదు, రాలిన పళ్ళను గింజతో సహా మింగుతుంది. పెద్ద గింజల చెట్లు చాలావాటికి సంతానం దూరంగా మొలవాలంటే ఈ పక్షే దిక్కు. రైపరోసా అనే అరుదైన చెట్టు మీద జరిగిన పరిశోధనలో, కాసోవరి కడుపులోంచి బయటపడిన గింజలు 92 శాతం మొలకెత్తాయి. మామూలుగా నాటినవి 4 శాతమే. అంటే ప్రయాణికుడు ఆగి తల ఎత్తి చూసే చెట్టు ఒక పక్షి నడిచిన నడకకు గుర్తు. ఆ పక్షి ఇప్పుడు ఎక్కువగా చచ్చిపోయే కారణాల్లో కార్లు గుద్దడం ఒకటి. తనను తాను వెతుక్కుంటూ వేగంగా పోయేవాడు, ఆ అడవిని నాటుతున్న దాన్నే గుద్దవచ్చు. ఇక్కడ ధ్యాస నైతిక విషయం అవుతుంది. మనసు తనలోకి తాను ముడుచుకుపోతే అది అంతర్ముఖత్వం అని సంతోషపడతాం. కాని ఆ దారి మీద దాని ఫలితం చక్రాల కింద పడిన ఒక ప్రాణం కావచ్చు.

అంతకంటే పెద్ద సంగతి మనుషులది. నిర్మానుష్యం, మనిషి చేయి సోకని అడవి అని ప్రకటనలు వర్ణించే ఈ నేల తూర్పు కుకు యలంజి ప్రజలది. పచ్చిగా తింటే ప్రాణం తీసే గింజల్ని పారే నీటిలో నానబెట్టి, విషం వదిలించి, తిండిగా మార్చుకునే విద్య ఈ వర్షారణ్య ప్రజలది. ఏ చెట్టు పూస్తే ఏ చేప కొవ్వు పట్టి ఉంటుందో వాళ్ళకు తెలుసు. నిప్పు పెట్టి కొన్ని చోట్ల అడవిని తెరిపిగా ఉంచడమూ తెలుసు. అలాంటి వాళ్ళు కనపడకపోవడం ప్రకృతి సహజంగా జరిగింది కాదు. చెరకు తోటలకూ కలప కొట్టేవాళ్ళకూ చోటు కావలసి వచ్చింది. వాళ్ళను మిషన్లలోకీ రిజర్వుల్లోకీ తోశారు. ఎవరికీ చెందని నేల అన్న ఊహ మీదే బ్రిటిష్ వలసపాలన ఆస్ట్రేలియాను స్వాధీనం చేసుకుంది. ఆ ఊహ తప్పని ఆ దేశపు హైకోర్టు చెప్పడానికి 1992లో మాబో తీర్పు దాకా పట్టింది. తూర్పు కుకు యలంజి ప్రజల హక్కును 2007లో న్యాయస్థానం గుర్తించింది. 2021 సెప్టెంబరులో డెయిన్‌ట్రీ జాతీయవనం సహా 1,60,000 హెక్టార్లకు పైగా నేలను క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వాళ్ళ పేర తిరిగి రాసి, ఉమ్మడిగా నిర్వహించడానికి ఒప్పుకుంది. కాబట్టి ఆ అడవిలో ఎవరూ లేరు అని ప్రయాణికుడు పొందే హాయి వెనక ఒక చరిత్ర ఉంది. ఖాళీ చేయించిన ఇంట్లో కూర్చుని ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నట్టే అది.

ఇదే తీరాన, ఇప్పటి దారి ముగిసే కుక్‌టౌన్ దగ్గరే, అతిథి ధర్మం గురించి ఒక పాఠం చరిత్రలో నమోదై ఉంది. 1770 జూన్‌లో జేమ్స్ కుక్ ఓడ ఎండీవర్ రాత్రివేళ పగడపు దిబ్బకు తగిలి చిల్లి పడింది. తన కష్టాలు మొదలైన చోటని ఆ దగ్గరి కొమ్ముకు కేప్ ట్రిబ్యులేషన్ అని పేరు పెట్టాడు. కుకు యలంజి ప్రజలకు అది అంతకు ముందే కుల్కి. దాని కథలు దానికున్నాయి. ఓడ బాగుచేసుకోవడానికి కుక్ బృందం ఎండీవర్ నది ఒడ్డున దాదాపు ఏడు వారాలు గడిపింది. అక్కడి గూగు యిమిథిర్ ప్రజలు ముందు దూరంగా ఉండి, తర్వాత స్నేహంగా వచ్చారు. జూలైలో ఓడ మీదికి వచ్చినప్పుడు వాళ్ళకు పెద్ద తాబేళ్ళు కనపడ్డాయి. తమ నీళ్ళలో పట్టినవే కనుక ఒకటి తమకిమ్మని అడిగారు. ఓడవాళ్ళు ఇవ్వలేదు. అడిగినవాళ్ళు ఒడ్డుకు వెళ్ళి గుడారాల చుట్టూ ఉన్న గడ్డికి నిప్పు పెట్టారు, తుపాకి పేలింది. ఆ తర్వాత ఒక వృద్ధుడు మొన లేని ఈటె పట్టుకుని ముందుకు వచ్చి రాజీ కుదిర్చాడు. కుక్ చెడ్డవాడు కనుక ఇలా జరిగిందని అనలేం. ఆకలిగా ఉన్నారు, ఓడ పగిలింది, ఇంటికి ఎంతో దూరం. కాని తాను ఉన్నది ఒకరి ఇంట్లో అన్న ఎరుక అతనికి లేదు. సముద్రం ఎవరిదీ కాదు కనుక పట్టినవాడిదే తాబేలు అనుకున్నాడు. ఇప్పటి ప్రయాణికుడు తాబేళ్ళు పట్టడు. మౌనాన్నీ దృశ్యాన్నీ అనుభూతినీ పట్టుకుపోతాడు. ఎవరిదీ కాని చోటునుంచి తెచ్చుకుంటున్నానన్న నమ్మకం మాత్రం అదే.

ఇప్పుడు మన శాస్త్రాల వైపు తిరుగుదాం. బృహదారణ్యకోపనిషత్తు సృష్టి కథలో మొదట ఒక్కడే ఉన్న పురుషుడు భయపడతాడు. నేను తప్ప ఇంకొకరు లేనప్పుడు ఎవరికి భయపడాలి అని ఆలోచించుకోగానే ఆ భయం పోతుంది. అయినా అతనికి సంతోషం లేదు. ఒంటరిగా ఉన్నవాడు ఆనందించలేడని ఉపనిషత్తే చెప్పి, అతను రెండోవారిని కోరుకున్నాడంటుంది. ఒంటరితనంలో ఉండే భయాన్నీ, వెలితినీ ఇంత సూటిగా ఒప్పుకున్న గ్రంథం, జనం లేని చోటుకు పారిపోవడాన్ని మందుగా చెప్పలేదు. బౌద్ధంలో ఈ మాట ఇంకా స్పష్టం. సంయుత్త నికాయంలో థేరుడు అనే భిక్షువు కథ ఉంది. ఒక్కడే భిక్షకు వెళ్తాడు, ఒక్కడే తిరిగొస్తాడు, ఒక్కడే కూర్చుంటాడు, ఏకాంతవాసాన్ని పొగుడుతాడు. బుద్ధుడు అతన్ని పిలిపించి, అదీ ఒక రకం ఏకాంతమే గాని, అంతకంటే నిండైనది ఇంకొకటి ఉందంటాడు: గడిచినదాన్ని వదలడం, రాబోయేదాన్ని వదలడం, ఇప్పుడున్నదాని మీద కోరికను అణచడం. అదే నికాయంలో మరోచోట, తృష్ణ వెంట ఉన్నవాడు ఎంత మారుమూల అడవిలో ఉన్నా జంటగా ఉన్నట్టేననీ, అది లేనివాడు రాజుల మధ్య, మంత్రుల మధ్య ఉన్నా ఒంటరిగా ఉన్నట్టేననీ బోధిస్తాడు. కారులో పక్క సీటు ఖాళీగా ఉండవచ్చు. అనుభవం కావాలన్న దాహం అక్కడ కూర్చుని ఉంటే ఏకాంతం ఎక్కడిది?

దీనికి మొదటి ఆక్షేపణ సహజంగానే వస్తుంది. ఋషులు అడవికి పోలేదా, బుద్ధుడే ఇల్లు వదలలేదా, భిక్షువును ఖడ్గమృగంలా ఒంటరిగా తిరగమన్న సూత్రం బౌద్ధంలోనే లేదా అని అడగవచ్చు. నిజమే, ఉన్నాయి. కాని ఆ ఒంటరివాడు ఎలా బతికాడో కూడా చూడాలి. భిక్షువు తనకు ఎవరూ ఇవ్వని తిండిని నోట పెట్టుకోకూడదు; రోజూ పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊరి గడప ముందు నిలబడాలి. ఎంత అడవిలో ఉన్నా ఊరికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉంటాడు. అంటే తన ప్రాణం ఇతరుల దయ మీద నిలుస్తోందని ప్రతి పూటా గుర్తుచేసుకునే ఏర్పాటు ఆ జీవితంలోనే ఉంది. మన కాలపు ఒంటరి ప్రయాణం దీనికి ఎదురు దిశలో నడుస్తుంది: నిండు ట్యాంకు, సామాన్లన్నీ డిక్కీలో, ఎవరినీ ఏదీ అడగనవసరం లేకపోవడం. ఆ అడగనవసరం లేకపోవడాన్నే స్వేచ్ఛ అంటున్నాం. సన్యాసి కూడా ఒంటరే, ఈ ప్రయాణికుడూ ఒంటరే. ఒకరి ఒంటరితనం చేయి చాపుతుంది, ఇంకొకరిది చేతులు ముడుచుకుంటుంది.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. అద్వైతం ప్రకారం రెండోదే లేదు కదా, అతిథి ఎవరు, ఆతిథేయుడు ఎవరు, ఈ భేదాలన్నీ పైపైవి కావా? అద్వైతాన్ని గౌరవించేవాళ్ళు దీన్ని జాగ్రత్తగా ఆలోచించాలి. రెండోది లేదన్నది జ్ఞానం వల్ల తెలియవలసిన సత్యం. రెండోవాళ్ళను కంటికి కనపడనంత దూరంగా ఉంచుకుని, చూశావా రెండోది లేదు అనుకుంటే అది జ్ఞానం అవదు. ఉపనిషత్తులోని పురుషుడి భయం పోయింది ఎవరినో తరిమేసినందుకు కాదు, ఆలోచించినందుకు. పైగా వ్యవహారంలో ధర్మాన్ని అద్వైతం ఎప్పుడూ రద్దు చేయలేదు. అన్నీ ఒకటే అన్న మాట బలవంతుడి నోట వస్తే, నీదీ నాదే అన్న అర్థం పలుకుతుంది. అదే మాట అతిథి నోట వస్తే, నీ బాధా నాదే అన్న అర్థం వస్తుంది. నేల పోగొట్టుకున్నవాళ్ళ అడవిలో నిలబడి మొదటి అర్థాన్ని పట్టుకుంటే వేదాంతం దోపిడికి సాక్షి అవుతుంది.

మూడో ఆక్షేపణ అడవి ప్రేమికులది. దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. మనిషి సోకని పవిత్రారణ్యం అన్న భావనే కదా ఆ అడవిని కాపాడింది అంటారు. కాదనను. 1983 డిసెంబరులో బ్లూమ్‌ఫీల్డ్ దారి వేయడానికి బుల్డోజర్లు వచ్చినప్పుడు, కొందరు తమను మట్టిలో పాతిపెట్టుకుని మరీ వాటికి అడ్డం పడ్డారు. రోడ్డు ఆగలేదు గాని, ఆ పోరాటం దేశాన్ని కదిలించి 1988 నాటి ప్రపంచ వారసత్వ గుర్తింపుకు దారి తీసింది. ఆ తెగువకు అందరూ రుణపడి ఉన్నారు. అయితే ఆ గుర్తింపు ప్రకృతి విలువలకు మాత్రమే దక్కింది. ఆ అడవిలో ఆదివాసుల సంస్కృతికి ఉన్న విలువను ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చడానికి 2012 దాకా పట్టింది. చెట్టును పవిత్రం అన్నాం, ఆ చెట్టుతో బతికిన మనిషిని లెక్కలోకి తీసుకోవడం మరిచాం. ఆశ్చర్యం, భక్తి నిజమైనవే. ఆ అడవి ముందు నిలబడి తల వంచనివాడిని చూస్తే జాలేస్తుంది. కాని తెలుసుకుంటే తగ్గే భక్తి గట్టిది కాదు. ఆ చెట్టును ఒక పక్షి నాటిందనీ, ఆ గింజను తిండిగా మార్చిన మనుషులు ఇంకా అక్కడే ఉన్నారనీ తెలిసినప్పుడు తల ఇంకొంచెం కిందికి వంగాలి.

మరి ఒంటరిగా వెళ్ళడం మానేసి గుంపుగా వెళ్ళాలా? అక్కర్లేదు. నా వాదం వల్ల ఒంటరి ప్రయాణం విలువ పెరుగుతుందేగాని తగ్గదు. గుంపులో వెళ్ళినవాళ్ళు తమ ఇంటిని తమతోనే మోసుకుపోతారు. వాళ్ళకు వాళ్ళే ఆతిథేయులు, ఊరి మనిషిని పలకరించవలసిన అవసరం రాదు. ఒంటరివాడికి ఆ చాటు లేదు. ఎక్కడో ఒకచోట దారి అడగాలి. మన సాహిత్యంలో దీనికి పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడికంటే మంచి ఉదాహరణ లేదు. ఇంటికొచ్చిన ప్రతి అతిథికీ పెట్టి, వాళ్ళు చూసిన క్షేత్రాల గురించి ఆత్రంగా విన్నవాడతను. ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని తోడెవరూ లేకుండా హిమాలయానికి చేరతాడు. మంచుకు ఆ పసరు కరిగిపోతుంది. అప్పటిదాకా దృశ్యాలు చూసిన ప్రవరుడు ఆ క్షణం నుంచి తనెవరో చూసుకోవలసి వస్తుంది: దారి అడిగే పరాయివాడు, ప్రలోభం ముందు నిలబడవలసిన మనిషి, ఇంటికి చేర్చమని అగ్నిని వేడుకునే భక్తుడు. అతని ధర్మం బయటపడింది వాహనం ఉన్నప్పుడు కాదు, పోయినప్పుడు. ఒంటరి ప్రయాణంలో ఆధ్యాత్మికమైనది ఏదైనా ఉంటే అది ఈ ఆధారపడే క్షణంలోనే ఉంది.

నేను టికెట్టు కొన్నాను, పంటుకి డబ్బు కట్టాను, చెత్త వేయలేదు, ఇంకేం కావాలి అనేవాళ్ళూ ఉంటారు. అవన్నీ చేయవలసినవే. కాని డబ్బుతో సేవ వస్తుంది, చోటు మన సొంతం కాదు. మాస్మన్ గార్జ్ దగ్గర సందర్శకులు కార్లు కిందే ఆపి, అక్కడి సందర్శక కేంద్రం నడిపే బస్సులో పైకి వెళ్తారు. కుకు యలంజి వాళ్ళ వెంట అడవిలో నడిచేవారికి ముందు పొగతో స్వాగత క్రియ జరుగుతుంది. కొందరికి ఇది ఆలస్యంగా, అడ్డంకిగా తోస్తుంది. నాకు మాత్రం ఆ దారి మొత్తంలో మతం అన్న మాటకు తగిన చోటు అదే అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రయాణికుడు తన బండి దిగి, ఒకరి అనుమతితో లోపలికి అడుగు పెడతాడు. ఈ పద్ధతి మనకూ తెలుసు. అహోబిలంలో బ్రహ్మోత్సవాలకు ముందు పారువేట పేరుతో నరసింహస్వామే పల్లకిలో ఊరూరా తిరిగి, చెంచులను తన పెళ్ళికి పిలుస్తాడు. నల్లమలలో దేవుడు కూడా చెంచులకు చుట్టమయ్యే ఉన్నాడు. ఆ అడవిలో బైకు మీద ఒంటరిగా పోయే తెలుగువాడు అది ఖాళీ అడవి అనుకుంటే, తన దేవుడి కంటే తానే ఎక్కువ హక్కు తీసుకున్నట్టు.

అందువల్ల ఒంటరిగా బయల్దేరేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు కదా అని అడగడం మానేసి, అక్కడ ఎవరున్నారు, ఈ దారి ఎవరు వేశారు, ఇది ఎవరి నేల, వాళ్ళకు నేను ఏం బాకీపడ్డాను అని అడగాలి. ఈ ప్రశ్నలు శాంతిని చెడగొడతాయని భయపడనక్కర్లేదు. మనసుకు నిజంగా బరువయ్యేది తానే అన్నిటికీ కేంద్రం అన్న ఊహ. చుట్టూ ఇంతమంది ఉన్నారనీ, ఇన్ని ప్రాణాలు ఉన్నాయనీ, వాళ్ళ మధ్య తాను కొద్దిసేపు నిలవడానికి వచ్చినవాడిననీ తెలిసినప్పుడు ఆ బరువు దిగుతుంది. ఏకాంతం పేరుతో మతాలన్నీ వెతికింది ఆ తేలికనే. దాన్ని పొందడానికి ఎవరినీ ఖాళీ చేయించనక్కర్లేదు, ఎవరూ లేరని నటించనూ అక్కర్లేదు. అతిథిగా ఉండడం నేర్చుకుంటే చాలు.